ఒక్క సిగ్నల్ అవతలి విదేశం

విదేశీయులు లేకుండా పిల్లల గురించి మాట్లాడకూడదని మా బాల సంస్కరణ శాఖకు ఉత్తర్వు వచ్చింది. నేనేమీ కల్పించి చెప్పడం లేదు. ఆ ఉత్తర్వు మూడు రోజులు నా బల్ల మీదే ఉంది, దాని మీద టీ గ్లాసు పెట్టిన మచ్చ కూడా ఉంది. "బాల న్యాయంపై యువ కళాకారులతో అంతర్జాతీయ సంప్రదింపుల సదస్సు" శుక్రవారం లోపు జరపాలి. కళాకారులు యువకులై ఉండాలి, విదేశీయులై ఉండాలి, ఫొటోల్లో స్పష్టంగా కనబడాలి. ఖర్చు మాత్రం "అందుబాటులో ఉన్న వనరుల నుంచి" సర్దుకోవాలి. మాకు అందుబాటులో ఉన్న వనరు నేనొక్కదాన్నే. ఆఫీసుకు ఒక కారుంది గానీ అది ఎప్పుడూ ఎవరికీ అందుబాటులో ఉండదు.

మా జాయింట్ డైరెక్టర్ నరహరి గారు ప్రమోషన్ మీద జిల్లా నుంచి వచ్చి నెల కాలేదు. మంచి మనిషే. కాకపోతే ఫైలు మాట్లాడినట్టే మాట్లాడతారు. ఇంట్లో అన్నం దగ్గర కూడా "సదరు పప్పులో ఉప్పు తగు పాళ్ళలో లేదని గమనించడమైనది" అంటారట, డ్రైవర్ చెప్పాడు.

"కౌసల్య గారూ, విదేశీయులను సమకూర్చుటకు తగు చర్యలు గైకొనండి" అన్నారు.

"ఎక్కణ్ణుంచి సార్?"

"అది మీ పరిధిలోని అంశం."

నాకు ఒళ్ళు మండింది. విదేశీయులేమన్నా గుండుసూదులా, స్టోర్‌లో అడిగి తెచ్చుకోవడానికి? నా కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. అది తలుపు బయట వరండాలో నేల మీద కూర్చుని ఉంది.

జౌహర్, రుబీనా అనే ఇద్దరు పిల్లలు. పిల్లలంటే ఇరవై దాటినవాళ్ళే, నా వయసుకు పిల్లలు. మా ఆఫీసు నుంచి ఒక్క సిగ్నల్ దాటితే ఏసీ గార్డ్స్. నిజాం దగ్గర గుర్రాల మీద కాపలా కాయడానికి ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల మునిమనవళ్ళు అక్కడ ఉంటారు. నల్లటి ఒళ్ళు, దట్టమైన ఉంగరాల జుట్టు, నోరు తెరిస్తే అచ్చం మన హైదరాబాదు. పెళ్ళి బరాత్‌లో వాళ్ళ మర్ఫా డప్పు మోగిందంటే నా మోకాళ్ళ నొప్పులు కూడా లెక్కచెయ్యకుండా కాళ్ళు ఆడతాయి. జౌహర్ ఆ డప్పు కొడతాడు, బొగ్గుతో మనుషుల బొమ్మలు గీస్తాడు. రుబీనా అతని చిన్నమ్మ కూతురు, పాటలు కట్టి ర్యాప్‌లాగా దడదడా చెబుతుంది.

వాళ్ళు వచ్చింది జౌహర్ తమ్ముడు ఫర్హాన్ కోసం. పదిహేనేళ్ళవాడు, పదో తరగతి. ఒక బరాత్‌లో ఎవరిదో ఫోన్ పోయింది. "నల్లగా, ఉంగరాల జుట్టు కుర్రాడు తీశాడు" అని ఎవరో అన్నారు. ఆ మర్ఫా పార్టీలో అందరూ నల్లగా, ఉంగరాల జుట్టుతోనే ఉంటారు కదా! పోలీసు బండికి దగ్గరగా నిలబడ్డవాడు ఫర్హాన్, వాణ్ణి ఎక్కించుకుపోయారు. మా బాలల గృహంలో పెట్టారు. మర్నాడే ఆ ఫోన్ పెళ్ళికొడుకు కారు సీటు కింద దొరికింది. ఫోన్ ఆసామి తనే స్టేషన్‌కొచ్చి, పొరపాటయింది, పిల్లవాణ్ణి వదిలెయ్యండి అని రాసిచ్చి పోయాడు.

మామూలు మనుషుల లెక్కలో కథ అక్కడితో అయిపోవాలి. మా లెక్కలో అక్కడ మొదలయింది. పిల్లల కేసులు వినే బోర్డు ముందుకు ఫైలు వెళ్ళాలంటే మా శాఖ నుంచి గృహ పరిశీలన నివేదిక ఉండాలి. అంటే మా ఆఫీసరు ఒకరు వెళ్ళి వాడి ఇల్లు చూసి, అది వాడు ఉండదగిన ఇల్లేనని రాయాలి. వెళ్ళాలంటే కారు కావాలి. కారు ఖాళీ లేదు. వాయిదా మీద వాయిదా పడింది. సోమవారం నుంచి వాడికి పదో తరగతి పరీక్షలు.

"నడిచెళ్ళి చూసొస్తాను సార్, పది నిమిషాల దూరం" అని నేను ఎన్నిసార్లు అడిగానో!

"నడక ద్వారా జరిపిన పరిశీలనకు నిబంధనల్లో గుర్తింపు లేదు. మీరు చూసినా చూసినట్టు కాదు."

ఆ పిల్లలు రోజూ రావడం, అటెండర్ వాళ్ళను వరండాలో కూర్చోబెట్టడం, సాయంత్రం పంపించెయ్యడం. ఫర్హాన్ తల్లి హలీమా బీ ఒకసారి వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మనిషన్నాక ఎలా సయిస్తుంది?

ఉత్తర్వు వచ్చిన మూడో రోజున ఆ ఇద్దరూ పెళ్ళి నుంచి తిన్నగా ఆఫీసుకొచ్చారు. మెరుపుల చొక్కాలు, మెడలో డప్పులు. నరహరి గారు అద్దం తలుపులోంచి బయటికి చూశారు. చూసి, కుర్చీలోంచి లేచారు. ఆయన లేవగా నేను చూడడం అదే మొదటిసారి.

తలుపు తీసుకుని వెళ్ళి రెండు చేతులూ జోడించారు. "వెల్‌కమ్! వెల్‌కమ్ టు ఇండియా!"

జౌహర్ తన వెనక ఎవరన్నా వచ్చారేమోనని తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"విచ్ కంట్రీ?"

"ఏసీ గార్డ్స్, సార్. గీ సిగ్నల్ దాటంగనే."

"అబ్బ! తెలుగు ఎంత చక్కగా నేర్చుకున్నారు! వచ్చి ఎంత కాలమైంది?"

"మా తాతల తాతలొచ్చిన్రు సార్," అంది రుబీనా. "మేము యాడికెళ్ళీ రాలే. ఈన్నే పుట్టినం."

నేను ఆయన్ని పక్కకు తీసుకెళ్ళాను. "సార్, వీళ్ళు ఇక్కడివాళ్ళే. మనం ఇల్లు చూడని ఫర్హాన్‌కు అన్నా అక్కా. రేషన్ కార్డులున్నాయి, ఓట్లున్నాయి."

"కౌసల్య గారూ," అన్నారు నరహరి గారు నా వైపు జాలిగా చూసి, "ఫొటోలో ఓటు కనబడదు."

తర్వాత బ్యానర్ కోసం ఏసీ గార్డ్స్ అంటే పూర్తి పేరేమిటని అడిగారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని చెప్పాను. "మరింకేం! ప్రభుత్వ రికార్డులోనే ఆఫ్రికా అని ఉండగా కాదనడానికి మనమెవరం?" అని సంతకం పెట్టేశారు. నిమిషంలో కుర్చీలు వచ్చాయి. కుర్చీల వెనక సమోసాలు వచ్చాయి. ఇన్నాళ్ళూ ఆ పిల్లలకు మంచినీళ్ళిచ్చినవాడు లేడు.

జౌహర్‌కు మాత్రం మొహం జేవురించింది. "గిదేందక్కా! పుట్టిన ఊర్లనే మమ్మల్ని విదేశపోళ్ళని చేస్తడా? నాకొద్దు గీ సమోస. నేను పోతున్న."

రుబీనా అతని చొక్కా పట్టుకుని ఆపింది. "ఆగు భాయ్. ఇక్కడోళ్ళమని ఇన్ని దినాలు మొత్తుకుంటే ఒక్కడన్న విన్నడా? ఇప్పుడు వింటరట. ఫర్హాన్ సోమవారం పరీక్ష రాయాలె. నీ కోపం మంగళవారం పెట్టుకో."

పిల్ల ఎంత తెలివైనదో! అప్పుడు నేను తలుపు మూసి వాళ్ళకు ఒక ముక్క చెప్పాను. మా శాఖలో స్థానికుల విజ్ఞప్తికి గడువంటూ లేదు, ఎన్నాళ్ళయినా పడుండొచ్చు. అంతర్జాతీయ సదస్సులో విదేశీ ప్రతినిధులు చేసిన సూచనకు గడువు ఇరవై నాలుగు గంటలు. ఆ లోపల అమలు చేసి పైకి రాయకపోతే జాయింట్ డైరెక్టర్ సంజాయిషీ చెప్పుకోవాలి.

జౌహర్ నా మొహం చూశాడు, రుబీనా మొహం చూశాడు, మెల్లగా సమోసా తీసుకున్నాడు.

రెండు రోజులు ఏర్పాట్లు సాగాయి. ప్రతినిధుల ముందు వాళ్ళ దేశ జెండా ఉండాలని నరహరి గారు ఆదేశించారు. జౌహర్ ఇంటికెళ్ళి ఆగస్టు పదిహేనుకు కట్టుకునే మువ్వన్నెల జెండా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది మాది. మీది తెండి."

"మాది గిదే సార్."

నరహరి గారు కాసేపు జెండా వైపూ అతని వైపూ చూసి, "ఆతిథ్య దేశం పట్ల ప్రతినిధి బృందం సుహృద్భావం చూపిస్తున్నది" అని నా చేత రాయించారు.

తరవాత దుబాసీ సమస్య వచ్చింది. దుబాసీ లేని విదేశీ ప్రసంగం చెల్లదట. "వాళ్ళు మాట్లాడేది తెలుగే కదా సార్" అన్నాను. "దాన్ని తెలుగులోకి ఎవరు తర్జుమా చేస్తారు?" అని అడిగారాయన. ఆ పని నాకే పడింది.

శుక్రవారం సదస్సుకు శాఖ కార్యదర్శి మేడమ్ స్వయంగా వచ్చారు. ఆవిడ వస్తే నరహరి గారికి చెమటలు పడతాయి. ముందు వరుసలో అధికారులు, వేదిక మీద మువ్వన్నెల జెండా వెనక ఇద్దరు విదేశీ ప్రతినిధులు, వాళ్ళ పక్కన నేను.

భోజనాలు ముందే పెట్టేశారు, అక్కడే మొదటి గొడవ. విదేశీయులు కారం తినలేరని ప్రతినిధులకు ఉడకబెట్టిన క్యారెట్లు, రొట్టె వడ్డించారు. అవతలి బల్ల మీంచి బిర్యానీ వాసన వస్తోంది.

"అక్కా, గా బిర్యానీ ఎవలకు?" అని రుబీనా నా చెవిలో అడిగింది.

"స్థానికులకు."

"అయితే అన్నం తినేదాంక స్థానికులమైతం. మళ్ళ విదేశపోళ్ళమైతం, ఏమన్న ఫికర్ ఉందా?"

నా కొంగు చాటున రెండు ప్లేట్లు మార్చాను. పచ్చిమిరపకాయ కొరికి బిర్యానీ తింటున్న ఆఫ్రికా ప్రతినిధిని చూసి ఒక సూపరింటెండెంట్, "మన సంస్కృతికి ఎంత తొందరగా అలవాటుపడ్డారో!" అని ముచ్చటపడ్డాడు.

సభ మొదలైంది. జౌహర్ లేచి, గోడకు ఒక పెద్ద కాగితం తగిలించాడు. బొగ్గుతో గీసిన ఐదుగురు కుర్రాళ్ళ మొహాలు. బొమ్మలు ఎంత బాగున్నాయో, ఆ కళ్ళు మనల్ని చూస్తున్నాయి.

"వీళ్ళల్ల ఒకని మీద ఫోన్ దొంగతనం కేసు పెట్టిన్రు. ఎవడో చెప్పుండ్రి" అన్నాడు.

నేను తర్జుమా చేశాను: "ఈ ఐదుగురిలో అనుమానిత బాలుణ్ణి గుర్తించవలసిందిగా గౌరవ అధికారులను ప్రతినిధి బృందం కోరుతున్నది." అప్పుడు గానీ ఎవరికీ అర్థం కాలేదు.

ఒకాయన మొదటి బొమ్మ అన్నాడు, దవడ చూస్తే తెలుస్తోందని. ఇంకొకాయన నాలుగోది అన్నాడు. కార్యదర్శి మేడమ్ కళ్ళజోడు సవరించుకుని దగ్గరకు వెళ్ళి, చాలా నమ్మకంగా మధ్య బొమ్మ మీద వేలు పెట్టారు. "నా ఇరవై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను. వీడి చూపే చెబుతోంది."

"అది నేను మేడమ్," అన్నాడు జౌహర్. "ఏడో తరగతిల. క్లాస్ ఫస్టొచ్చిన దినం దిగిన ఫొటో చూసి గీసిన."

మేడమ్ వేలు వెనక్కి తీసుకున్నారు. నాకు లోపల చప్పట్లు కొట్టాలనిపించింది, దుబాసీకి ఆ అధికారం లేదని ఊరుకున్నాను. ఈలోగా రుబీనా డప్పు తీసి జౌహర్‌కిచ్చింది. అతను దరువేశాడు. ఆమె దడదడా మొదలెట్టింది:

"ఫోన్ పోయిందంటే నా జుట్టు చూస్తవ్,
పెండ్లుందంటే నా డప్పు చూస్తవ్,
బరాత్‌ల ఆడితే చప్పట్లు కొడ్తవ్,
బస్సుల కూసుంటే జేబు తడుముకుంటవ్!"

వెనక వరసలో డ్రైవర్లు ఈల వేశారు. ముందు వరస నా వైపు చూసింది.

"కేశములకును, చరవాణి చౌర్యములకును గల సంబంధముపై శాఖాపరమైన పునఃపరిశీలన జరగవలెనని ప్రతినిధి గారి అభిప్రాయము" అన్నాను. ముందు వరస కూడా చప్పట్లు కొట్టింది.

పాట అయ్యాక రుబీనా ఊపిరి తీసుకుని అసలు సంగతి ఎత్తింది. "మా దగ్గర ఒక పోరడున్నడు మేడమ్. ఏం తప్పు చెయ్యలే. పోయిన ఫోన్ దొరికింది, ఫోనాయన వదిలెయ్యిమన్నడు. అయినా వదుల్తలేరు. ఎందుకంటే వాని ఇల్లు చూసి రానీకి ఆఫీసుల కారు లేదంట."

ఈసారి తర్జుమా అవసరం లేకుండానే కార్యదర్శి మేడమ్‌కు అర్థమైంది. మొహం ఎర్రబడింది. "కారు లేదని పిల్లవాణ్ణి బంధిస్తారా? ఎంత అనాగరికం! ఏ దేశంలో జరుగుతోంది ఇది?"

"పాపం, వెనకబడిన దేశాల్లో వ్యవస్థలు ఇలాగే ఉంటాయి మేడమ్," అన్నారు నరహరి గారు ఎంతో బాధగా. "మన దగ్గర అటువంటి పరిస్థితి ఉత్పన్నం కాదు." ఆ దేశ ప్రభుత్వాన్ని తీవ్రంగా ఖండిస్తూ అక్కడికక్కడే తీర్మానం చేశారు. నరహరి గారే ప్రతిపాదించారు, నరహరి గారే అందరికంటే ముందు చెయ్యెత్తారు.

చప్పట్లు తగ్గాక జౌహర్ చేతులు కట్టుకుని అడిగాడు. "శుక్రియా మేడమ్. మరి వాణ్ణి ఎప్పుడు వదుల్తరు? వాడు మీ దగ్గర్నే ఉన్నడు. మీ పిల్లల గృహంల. పేరు ఫర్హాన్, నా తమ్ముడు."

నరహరి గారి చెయ్యి ఇంకా పైనే ఉంది. దించడం మరిచిపోయారు.

కార్యదర్శి మేడమ్ మెల్లగా ఆయన వైపు తిరిగారు. "నరహరి గారూ! విదేశీ బాలుణ్ణి మనం నిర్బంధించామా? అంతర్జాతీయ ప్రతినిధుల ముందు, నా ముందు, ఇప్పుడు తెలుస్తుందా నాకు? రేపు రాయబార కార్యాలయం అడిగితే ఏం చెబుతారు?"

నేను నోరు తెరవబోయాను, పిల్లాడు విదేశీయుడు కాదని చెబుదామని. రుబీనా నా కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది. నోరు మూసుకున్నాను.

తర్వాత జరిగినంత వేగంగా మా శాఖలో ఏదీ జరగలేదు. విదేశీ బాలుడికి గృహ పరిశీలన నివేదిక అక్కర్లేదని, ఇల్లు మన పరిధిలో ఉండదు గనుక వెంటనే స్వదేశానికి పంపితే చాలునని నిబంధన దొరికింది. కార్యదర్శి మేడమ్ ఫోన్ చేశారు. నేను ఫైలు పట్టుకుని ఆటోలో బోర్డుకు పరుగెత్తాను. బోర్డులో జడ్జి మేడమ్ ఫోన్ ఆసామి రాసిచ్చిన కాగితం చదివి తల పట్టుకున్నారు. "ఈ పిల్లవాణ్ణి ఎప్పుడో పంపించాల్సింది కదమ్మా! మీ వాళ్ళు రాసే ముక్క కోసమే కదా ఆగాను!" అని సంతకం చేశారు. ఆ సంతకం చూసి మెట్ల మీద నిలబడి నేను ఏడ్చేశాను. సిగ్గేమీ పడలేదు.

శనివారం పొద్దున్నే స్వదేశ పునరాగమన కార్యక్రమం పెట్టారు. అందుకోసం, మీరు నమ్మరు, కారు ఖాళీ అయింది! నరహరి గారు కోటు వేసుకుని, పూలగుత్తి పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. వెనక నేను, జౌహర్, రుబీనా, మధ్యలో ఫర్హాన్. పిల్లాడు చిక్కిపోయి ఉన్నాడు గానీ కళ్ళు చురుగ్గా ఉన్నాయి. ఒళ్ళో పదో తరగతి పుస్తకాలున్నాయి.

"నిబంధనల మేరకు విమానాశ్రయం మీదుగా పంపవలసి ఉన్నది," అన్నారు నరహరి గారు.

శంషాబాద్ వెళ్ళొచ్చేసరికి ఈయన ఇంకేం ఉత్తర్వు తీస్తారో! "సార్, వీళ్ళది భూ సరిహద్దు. రోడ్డు మార్గం ఉంది" అన్నాను. ఆయన ఆలోచించి ఒప్పుకున్నారు.

కారు సిగ్నల్ దగ్గర ఆగింది. ఫర్హాన్ మెల్లగా అడిగాడు. "భాయ్, ఈ సార్ నన్ను యాడికి తీసుకపోతున్నడు?"

"ఆఫ్రికాకు రా."

"అరే! అమ్మీ ఆడికి పోయిందా?"

రుబీనా నవ్వాపుకోలేక పుస్తకంలో మొహం దాచుకుంది. పచ్చలైటు పడింది, విదేశం వచ్చేసింది.

గల్లీ మొదట్లోనే మర్ఫా మోగుతోంది. ఇరవై మంది కుర్రాళ్ళు డప్పులతో నిలబడ్డారు. హలీమా బీ జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఫర్హాన్ వీపు మీద ఒక్కటి చరిచి, వెంటనే గుండెలకు హత్తుకుని భోరుమంది. "ఎంత బక్కగయినవ్ రా బేటా! తిండి పెట్టలేదారా వీళ్ళు?" పిల్లాడు కూడా ఏడ్చాడు. జౌహర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నరహరి గారు పూలగుత్తి ఎవరికివ్వాలో తెలియక కాసేపు తనే పట్టుకుని, చివరికి ఆ తల్లి చేతిలో పెట్టారు.

ఆమె ఆయన్ని వదల్లేదు. ఇంట్లోకి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టింది. ఇరానీ చాయ్, బిస్కట్లు, ఆపైన ఖుబానీ మీఠా. మంచం పక్కన పిల్లాడి చదువు బల్ల తుడిచి పెట్టి ఉంది. నరహరి గారు ఇల్లంతా కలయజూశారు. "గృహము పరిశుభ్రముగా ఉన్నది. చదువుకు అనుకూలముగా ఉన్నది. తల్లి ప్రేమ గలది" అన్నారు. ఏమీ ఆలోచించకుండానే అన్నారు, కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. ఇన్నాళ్ళూ ఆగిపోయిన గృహ పరిశీలన అలా పూర్తయిందని నేను ఆయనకు చెప్పలేదు. పాపం, ఖుబానీ మీఠా గొంతులో అడ్డం పడేది.

బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి, ఫర్హాన్ భుజం తట్టారు. ఆయన గొంతులో ఫైలు భాష పోయి మామూలు మనిషి మాట వచ్చింది. "బాబూ, మీ దేశం చాలా బాగుంది. మీ మనుషులు ఇంకా బాగున్నారు. మా వల్ల కష్టపడ్డావు, మనసులో పెట్టుకోకు. వీలు చూసుకుని మళ్ళీ ఎప్పుడైనా మా దేశం రా."

ఫర్హాన్ అన్న మొహం చూశాడు, అమ్మ మొహం చూశాడు. చాలా మర్యాదగా చెప్పాడు.

"సోమవారమే వస్త సార్. మీ దేశంల నాకు తెలుగు పరీక్షుంది."